ఫ్లెక్సీ మీద వడియాలు: ఒక మెడికల్ పోస్టర్ పేపర్ అయ్యేదాకా

పోయిన వేసవి సెలవుల్లో సంగతి. పొద్దున్నే మేడ మీదికి వెళ్తే అమ్మ బూడిదగుమ్మడి వడియాలు పెడుతోంది. ఎప్పుడూ పరిచే పాత చీర కాదు, ఈసారి ఫ్లెక్సీ మీద. “ఎండాక ఎంత బాగా ఊడొస్తాయో చూడరా” అని ఒకటే మురిపెం. గాలికి ఒక మూల లేస్తుంటే ఇటుక పెడదామని వంగాను. అడుగువైపు నీలం రంగు అక్షరాలు. ఎక్కడో చూసినట్టుందే అనుకుని కాస్త ఎత్తి చూస్తే, నేను డిజైన్ చేసిందే. మా అక్క కాన్ఫరెన్స్ పోస్టర్!

అక్క ఒక గవర్నమెంట్ మెడికల్ కాలేజీలో ఎండీ జనరల్ మెడిసిన్ చేసింది. ఆ పోస్టర్ వెనక ఏడాది పైచిలుకు చాకిరీ ఉంది. ఓపీలో బీపీ పేషెంట్లకి నెలనెలా మాత్రలు ఇస్తారు. నాలుగైదు నెలలయ్యేసరికి చాలామంది రావడం మానేస్తారు. తేదీకి రెండ్రోజుల ముందు ఫోన్ చేసి గుర్తు చేస్తే వస్తారా? ఇదీ అక్క ప్రశ్న. కొందరికి ఫోన్ చేశారు, కొందరికి చేయలేదు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. చివరికి లెక్క చూస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

నేను కిందికి దిగి అక్కని అడిగా.

“అక్కా, ఇది పేపర్‌గా ఎప్పుడొచ్చింది?”

“రాలేదురా. ఇంకా రాయలేదు.”

“అదేంటి, విజయవాడలో పోస్టర్ వేశావుగా?”

“పోస్టర్ వేస్తే పేపర్ వచ్చేసినట్టా?”

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నేను వచ్చేసినట్టే అనుకున్నా. మనలో చాలామంది కూడా అలాగే అనుకుంటారని ఇప్పుడు తెలిసింది. ఆ పోస్టర్ పేపర్‌గా మారే దారిలో అక్క పక్కన కూర్చుని నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఇంట్లోనో, ఫ్రెండ్స్‌లోనో ఒక మెడికో లేనివాళ్ళు మనలో తక్కువ కాబట్టి ఎవరికో ఒకరికి పనికొస్తుందని రాస్తున్నా.

మన కాన్ఫరెన్స్ వేరు, వాళ్ళ కాన్ఫరెన్స్ వేరు

కంప్యూటర్ సైన్స్‌లో కాన్ఫరెన్స్ అంటే చాలా పెద్ద విషయం. న్యూరిప్స్, సీవీపీఆర్ లాంటి చోటికి ఎనిమిది తొమ్మిది పేజీల పూర్తి పేపర్ పంపాలి. రివ్యూయర్లు దాన్ని చీల్చి చెండాడతారు. నెగ్గితే ప్రొసీడింగ్స్‌లో అచ్చవుతుంది. అంతటితో అది పబ్లికేషన్ కిందే లెక్క. ఆ తర్వాత జర్నల్‌కి పంపకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

మెడిసిన్‌లో అలా కాదు. అక్కడ కాన్ఫరెన్స్‌కి పంపేది అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే, మామూలుగా 250 నుంచి 300 మాటలు. ఎందుకు చేశాం, ఎలా చేశాం, ఏం తేలింది, దాని అర్థమేంటి అని నాలుగు ముక్కలు. కమిటీవాళ్ళు ఆ 300 మాటలు చూసే మార్కులు వేస్తారు. బాగున్నవాటిని ఓరల్‌కి, మిగతావాటిలో నచ్చినవాటిని పోస్టర్‌కి తీసుకుంటారు. మీ డేటా ఎవరూ చూడరు, మీ లెక్కలు ఎవరూ సరిచూడరు. ఎంపికైన అబ్‌స్ట్రాక్టులను చాలా సంఘాలు తమ జర్నల్‌కి అనుబంధ సంచికగా వేస్తాయి కాబట్టి గూగుల్‌లో వెతికితే పేరు కనిపిస్తుంది. అది చూసి పేపర్ వచ్చేసిందని మోసపోవద్దు.

అక్క భాషలో చెప్పాలంటే కాన్ఫరెన్స్ నిశ్చితార్థం, జర్నల్ పేపర్ పెళ్లి. నిశ్చితార్థం ఫొటోలు ఎన్ని పెట్టినా పెళ్లి అయినట్టు కాదు.

ఇంకో మెలిక ఉంది. అబ్‌స్ట్రాక్ట్ గడువు కాన్ఫరెన్స్‌కి కొన్ని నెలల ముందే ముగుస్తుంది. అప్పటికి స్టడీ పూర్తి కాకపోవచ్చు. అక్క పంపేటప్పటికి ఆఖర్న చేరిన పేషెంట్ల ఫాలోఅప్ ఇంకా మిగిలే ఉంది. చేతిలో ఉన్న లెక్కతో పంపింది. తర్వాత అంకెలు కొంచెం మారాయి. ఇది మా అక్క ఒక్కదాని కథే కాదు. అమెరికాలో జరిగిన పెద్ద కార్డియాలజీ సదస్సుల్లో చెప్పిన ట్రయల్స్‌ని తర్వాత వచ్చిన పూర్తి పేపర్లతో పోల్చి 2006లో జామా అనే జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. ప్రధాన ఫలితానికి సంబంధించిన అంకె దాదాపు 40 శాతం వాటిలో ఎంతో కొంత తేడాగా ఉంది. మోసం అని కాదు. వండుతుండగా రుచి చూడటానికీ, దించాక రుచి చూడటానికీ ఉండే తేడా. అందుకే అబ్‌స్ట్రాక్ట్‌ని నమ్ముకుని ఏ డాక్టరూ వైద్యం మార్చకూడదంటారు.

పోస్టర్ రోజు

ఆ పోస్టర్ వేసే నాటికి నేను ఫస్ట్ ఇయర్. మనకి పీపీటీ వచ్చు కదా, అందుకని డిజైన్ నా నెత్తిన పడింది. ఊళ్ళో ఫ్లెక్సీ షాపుకెళ్తే ముందు రెండు పుట్టినరోజు శుభాకాంక్షలు, ఒక గృహప్రవేశం క్యూలో ఉన్నాయి. షాపు అన్న మా ఫైల్ తెరిచి “ఏంటి తమ్ముడూ, ఒక్క ఫొటో కూడా లేదు, మేడం ఫొటో అయినా పెట్టు” అన్నాడు. వద్దని బతిమాలి ప్రింట్ తీయించా.

విజయవాడలో అక్క ఆ ఫ్లెక్సీ పక్కన రెండు గంటలు నిలబడింది. జడ్జీలు వచ్చి ఐదు నిమిషాలు విన్నారు. ఒక పెద్దాయన మాత్రం ఆగి, “ఫోన్ చేసినా రానివాళ్ళని ఎందుకు రాలేదని అడిగావా అమ్మా?” అన్నారట. అక్క అడిగింది, కానీ పోస్టర్‌లో చోటు లేక రాయలేదు. కాన్ఫరెన్స్ అసలు విలువ అక్కడే ఉంది. పేపర్ రాసేలోపు తెలిసినవాళ్ళు నాలుగు ప్రశ్నలు వేస్తారు, మన పనిలో చిల్లులెక్కడున్నాయో ముందే తెలుస్తుంది. ఆ ప్రశ్నలు అదే రాత్రి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అక్క రాసుకోలేదు. సర్టిఫికెట్ తీసుకుని, భోజనం చేసి, నైట్ డ్యూటీ ఉందని బస్సెక్కింది.

మధ్యలో గొయ్యి

అక్కడితో చాలా పనులు ఆగిపోతాయి. ఎన్ని? కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఇలాంటి లెక్కలన్నీ పోగేసి 2018లో ఒక సమీక్ష ఇచ్చింది. 425 నివేదికలు, వాటిలో 3,07,028 అబ్‌స్ట్రాక్టులు. పూర్తి పేపర్‌గా వచ్చినవి 37.3 శాతం. పదేళ్లు ఆగి చూసినా సగానికి చేరవని వాళ్ళ అంచనా. లాటరీ పద్ధతిలో జరిగే ట్రయల్స్ కొంచెం నయం, 60 శాతం దగ్గరికి వస్తాయి. అంటే కాన్ఫరెన్స్ హాల్లో మీరు చూసే ప్రతి పది పోస్టర్లలో ఆరు, మా ఇంటి ఫ్లెక్సీ లాగే, ఎక్కడో చుట్ట చుట్టుకుని పడుంటాయి.

ఇక్కడ నేను అనుకున్నది ఒకటి, నిజం ఒకటి. జర్నల్స్ వాళ్ళు తిప్పికొట్టడం వల్లే ఇలా అవుతుందని అనుకున్నా. కాదట. 1998లో జామాలో వచ్చిన ఒక పరిశీలన, ఎమర్జెన్సీ మెడిసిన్ సదస్సుకి పంపి కూడా అచ్చుకాని పనుల గురించి వాటి రచయితలనే అడిగింది. వాటిలో చాలావాటిని అసలు ఏ జర్నల్‌కీ పంపనే లేదు. కారణం అడిగితే ఎక్కువమంది చెప్పింది “టైం లేదు” అని. తర్వాత ఇలాంటి సర్వేలన్నిటినీ కలిపి చూసినా అదే మొదటి కారణంగా తేలింది. మన మాటల్లో ఆరంభశూరత్వం. కాకపోతే ముప్ఫై ఆరు గంటల డ్యూటీ చేసొచ్చిన మనిషిని ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

మన దేశంలో దీనికి ఇంకో పొర కూడా ఉంది. పాత మెడికల్ కౌన్సిల్ నిబంధన ప్రకారం చాలా ఏళ్లు పీజీ విద్యార్థి పరీక్షకి కూర్చోవాలంటే ఒక పోస్టర్ వేయాలి, ఒక పేపర్ చదవాలి, ఒక పరిశోధన పత్రం “ప్రచురించి ఉండాలి, లేదా అంగీకారం పొంది ఉండాలి, లేదా పంపి ఉండాలి”. ఆ చివరి మాట చూశారా? పంపితే చాలు. మనం ల్యాబ్ రికార్డు సంతకం కోసం రాసినట్టు, అక్కడ కూడా పని గడవడానికి సరిపడా చేసి వదిలేయడం అలవాటైపోయింది. గైడ్లకి డ్యూటీలు, పీజీలకి డ్యూటీలు, థీసిస్ బైండింగ్ అయ్యాక లైబ్రరీ బీరువాలోకి.

ఇంకో సంగతి. ఆగిపోయేవి అన్నీ సమానంగా ఆగిపోవు. 1989 నుంచి 1998 వరకు అమెరికా క్యాన్సర్ నిపుణుల సదస్సులో చెప్పిన పెద్ద ట్రయల్స్ 510 తీసుకుని కెనడా పరిశోధకులు 2003లో లెక్క చూశారు. ఒక్కోదానిలో 200 మందికి పైగా పేషెంట్లున్న ట్రయల్స్ అవి. ఐదేళ్లయినా వాటిలో 26 శాతం పూర్తి పేపర్‌గా రాలేదు. మందు పనిచేసిందని గట్టి తేడా చూపినవి 81 శాతం అచ్చయితే, తేడా చూపనివి 68 శాతమే అచ్చయ్యాయి. గెలిచిన వార్త ఊరేగుతుంది, ఓడిన వార్త ఇంట్లో కూర్చుంటుంది. ఈ జబ్బుకి రాబర్ట్ రోసెంథాల్ అనే మనస్తత్వవేత్త 1979లోనే ‘ఫైల్ డ్రాయర్ సమస్య’ అని పేరు పెట్టాడు. మా ఇంట్లో దాని పేరు ఫ్లెక్సీ సమస్య.

అక్క కూడా అదే మాట అంది. “ఏమీ రాలేదు కదరా. ఫోన్ చేస్తే లాభం లేదని రాస్తే ఎవరు వేసుకుంటారు? ఎవరికి ఉపయోగం?”

ఎవరికి ఉపయోగం?

ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతుంటేనే నాకు లోర్కైనైడ్ కథ దొరికింది. అది చదివిన రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

గుండెపోటు వచ్చినవాళ్ళకి కొన్నిసార్లు గుండె లయ తప్పుతుంది. లయ తప్పితే ప్రాణానికి ముప్పు. కాబట్టి లయని సరిచేసే మందు ముందే ఇస్తే ప్రాణాలు దక్కుతాయని డాక్టర్లు అనుకున్నారు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. 1980లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు లోర్కైనైడ్ అనే అలాంటి మందుని వందమంది లోపు పేషెంట్ల మీద పరీక్షించారు. లయ సర్దుకుంది. కానీ మందు తీసుకున్నవాళ్ళలో 9 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో ఒక్కరు. చిన్న స్టడీ కదా, యాదృచ్ఛికం అయుంటుందని అనుకున్నారు. ఈలోగా వ్యాపార కారణాలతో ఆ మందు తయారీయే ఆపేశారు. రాని మందు గురించి పేపర్ ఎందుకని అది అచ్చుకాలేదు.

కానీ అదే కోవకి చెందిన వేరే మందులు వాడకంలోకి వచ్చాయి. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ లాంటివి. 1989లో అమెరికాలో కాస్ట్ అనే పెద్ద ట్రయల్ ఈ రెండు మందులనీ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే మందు వేసుకున్నవాళ్ళే ఎక్కువ చనిపోతున్నారని తేలింది. బ్రిటన్ వాళ్ళు తమ పాత స్టడీని 1993లో, అంటే పదమూడేళ్ల తర్వాత, ప్రచురించారు. ముందే వచ్చి ఉంటే రాబోయే ప్రమాదానికి అది తొలి హెచ్చరిక అయ్యుండేదేమో అని వాళ్ళే ఒప్పుకున్నారు.

మా అక్క స్టడీలో ఎవరి ప్రాణమూ పోలేదు, సరే. కానీ ఆలోచించండి. రేపు ఏదో జిల్లాలో ఒక అధికారి ఫోన్లు చేయించడానికి బడ్జెట్ పెడతాడు. ఇంకో కాలేజీలో ఇంకో పీజీ మళ్ళీ ఇదే స్టడీ మొదలుపెడతాడు. ఇప్పటికే ఒకసారి చేసి చూశారని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? మేడ మీదకొచ్చి వడియాలు ఎత్తి చూస్తారా?

అప్పుడు అక్క ఇంకో మాట చెప్పింది. ఫోన్ చేసినా రాని ఒక పెద్దావిడని తర్వాత అడిగితే, “ఫోను వచ్చిందమ్మా. వస్తే ఆ రోజు కూలి పోద్ది కదా” అందట. అలా చాలామంది చెప్పారట. మతిమరుపు కాదు సమస్య, మంగళవారం పొద్దున్న ఓపీ పెట్టడం సమస్య. “అక్కా, ఇదే కదా నీ రిజల్ట్” అన్నా. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అలమర పైనుంచి ల్యాప్‌టాప్ దించింది. ఫైనల్ పరీక్షలు అప్పుడే అయ్యాయి, కొత్త డ్యూటీ మొదలవడానికి మూడు వారాలుంది.

రాయడం మొదలుపెడితే

పేపర్ అంటే పోస్టర్‌ని సాగదీయడం కాదని మొదటి రోజే తెలిసింది. వరస మాత్రం అన్నిచోట్లా ఒకటే: ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ. పోస్టర్‌లో రెండు లైన్లున్న ‘పద్ధతులు’ భాగం పేపర్‌లో రెండు పేజీలైంది. ఇంకెవరైనా చదివి అదే స్టడీ మళ్ళీ చేయగలగాలి, అదీ కొలమానం. లాటరీ ఎలా తీశారు? చీటీలు ఎవరు దాచారు? ఎంతమంది మధ్యలో తప్పుకున్నారు? ఇవన్నీ మర్చిపోకుండా ఉండటానికి చెక్‌లిస్టులు ఉన్నాయి. ట్రయల్స్‌కి కన్సార్ట్, పరిశీలనా అధ్యయనాలకి స్ట్రోబ్. ఉచితంగా దొరుకుతాయి. నా సలహా ఏంటంటే, ఈ చెక్‌లిస్టు పేపర్ రాసేటప్పుడు కాదు, స్టడీ మొదలుపెట్టే ముందే చదవాలి.

అక్క చేసిన ఒక మంచి పని ఇక్కడ ఆదుకుంది. వాళ్ళ గైడ్ మేడం పట్టుబట్టి, మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే స్టడీని సీటీఆర్‌ఐలో నమోదు చేయించారు. మన దేశంలో జరిగే ట్రయల్స్‌కి ఇది ప్రభుత్వ చిట్టా. 2007లో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి డ్రగ్స్ కంట్రోలర్ నమోదు తప్పనిసరి చేశారు. ముందస్తు నమోదు లేని ట్రయల్‌ని పేరున్న జర్నల్స్ తీసుకోవు. దీని వెనక ఆలోచన కూడా బాగుంది: తర్వాత ఫలితం నచ్చక దాచేసినా, ఇలాంటి స్టడీ ఒకటి జరిగిందని లోకానికి తెలుస్తుంది. ఎవరైనా ఆ సైట్‌లో వెతకొచ్చు, మీరూ వెతకొచ్చు.

చాలామంది పీజీలకి ఉన్న భయం ఒకటుంది. కాన్ఫరెన్స్‌లో చెప్పేశాం కదా, మళ్ళీ జర్నల్‌కి పంపితే కాపీ అంటారా? అనరు. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ స్పష్టంగా చెప్పింది, సదస్సులో అబ్‌స్ట్రాక్ట్‌గా, పోస్టర్‌గా ఇచ్చింది ముందస్తు ప్రచురణ కిందికి రాదు. ఫలానా సదస్సులో సమర్పించాం అని నిజాయితీగా ఒక లైన్ రాస్తే చాలు. కానీ పూర్తి పేపర్ ప్రొసీడింగ్స్‌లో అచ్చేసిన చోట కథ వేరు, జాగ్రత్త.

ఇక పేర్ల గొడవ. గణాంకాలకి ఆర్‌లో కోడ్ రాసింది నేను, గ్రాఫులు గీసింది నేను. రచయితల్లో నా పేరు ఉంటుందని, రెజ్యూమేలో పెట్టుకుందామని లోలోపల లెక్కలేసుకున్నా. అదే కమిటీ నియమం ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగూ ఉండాలి: పనిలో గణనీయమైన పాత్ర, రాయడంలోనో తీవ్రంగా దిద్దడంలోనో చెయ్యి, తుది ప్రతికి ఆమోదం, ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబుదారీ. “మందు గురించి ఎవరైనా అడిగితే నువ్వు చెప్తావారా?” అంది అక్క. నా పేరు కృతజ్ఞతల్లోకి వెళ్లింది. కొంచెం చిన్నబుచ్చుకున్నా, కానీ న్యాయం అదే. అసలు గొడవ రాకూడదంటే ఎవరి పేరు ఎక్కడో అబ్‌స్ట్రాక్ట్ పంపే రోజే మాట్లాడుకోవాలట. పేపర్లు ఆగిపోవడానికి సహ రచయితల మధ్య పేచీలు కూడా ఒక కారణం.

ఎక్కడికి పంపాలి?

కాన్ఫరెన్స్ అయిన వారానికే అక్కకి మెయిల్స్ మొదలయ్యాయి. “గౌరవనీయ ప్రొఫెసర్ గారికి” అని పిలుపు. అప్పటికి అక్క పీజీ. వారంలో ప్రచురిస్తాం, డబ్బు కడితే చాలు. వీటిని ప్రెడేటరీ జర్నల్స్ అంటారు. రివ్యూ ఉండదు, ఉన్నట్టు నటిస్తారు. ఇందులో మన తెలుగు నేలకీ ఒక చేదు వాటా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది.

డబ్బు అడిగిన ప్రతి జర్నల్ దొంగది కాదు. ఓపెన్ యాక్సెస్ జర్నల్స్‌లో మంచివి కూడా రుసుము తీసుకుంటాయి. అక్క పెట్టుకున్న పరీక్ష సులువైంది. ఆ జర్నల్ మెడ్‌లైన్‌లో ఉందా? ఎడిటర్లు నిజం మనుషులేనా? మా డిపార్ట్‌మెంట్‌లో నమ్మకమైనవాళ్ళు దీన్ని చదువుతారా? మూడింటికీ అవును వస్తేనే. అన్నిటికంటే ముఖ్యం, ఒకేసారి రెండు జర్నల్స్‌కి పంపకూడదు. మనం ఇంటర్న్‌షిప్‌కి నలభై కంపెనీలకి అప్లై చేసినట్టు ఇక్కడ కుదరదు.

రెండో రివ్యూయర్ మహాశయుడు

మొదటి జర్నల్ నాలుగు రోజుల్లో తిప్పి పంపింది, రివ్యూకి కూడా పంపకుండా. “మా పాఠకులకి అంత ఆసక్తి ఉండకపోవచ్చు.” అక్క ముఖం చూసి ఇక ఇంతే అనుకున్నా. కానీ అప్పటికి ఆమెకి పట్టుదల వచ్చేసింది. ఫార్మాట్ మార్చి మర్నాడే రెండో జర్నల్‌కి పంపింది. అక్కడ మూడు నెలలు నిశ్శబ్దం. తర్వాత వచ్చింది జవాబు: మేజర్ రివిజన్. ఇద్దరు రివ్యూయర్లు, ఇరవై పైగా ప్రశ్నలు.

నేను ఏడుపు మొహం పెట్టా. అక్క మాత్రం ఎగిరి గంతేసింది. “వద్దనలేదురా! దిద్దమన్నారు!” మేజర్ రివిజన్ అంటే తలుపు తెరిచే ఉందని అర్థమట. ప్రతి ప్రశ్ననీ కాపీ చేసి, దాని కింద జవాబు, ఏ పేజీ ఏ లైన్లో మార్చామో, అన్నీ వరసగా రాయాలి. ఒప్పుకోని చోట మర్యాదగా ఎందుకో చెప్పాలి.

వాటిలో ఒక ప్రశ్న నాకే తగిలింది. నేను రాసిన వాక్యం “ఫోన్ కాల్స్ వల్ల ప్రయోజనం లేదు” అని. రెండో రివ్యూయర్ అడిగాడు: లేదా, మీకు కనిపించలేదా? ఈ రెండూ ఒకటి కాదు. ఒక నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే ఆరు బొమ్మలు పడ్డాయనుకోండి. నాణెం సరైనదే అని రుజువైనట్టా? కాదు, పది సార్లు తేల్చడానికి చాలవు అంతే. మా పేషెంట్ల సంఖ్య చిన్నది. పెద్ద ప్రయోజనం ఉంటే కనిపించేది, కొద్దిపాటి ప్రయోజనం ఉన్నా ఈ స్టడీకి దొరక్కపోవచ్చు. కాబట్టి పి వాల్యూ ఒక్కటి రాసి వదిలేయకుండా, అసలు తేడా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో ఆ విరామం, అంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, ఇవ్వాలి. ప్రాబబిలిటీ సబ్జెక్టులో దీన్ని బట్టీ పట్టి పాసయ్యాను. అర్థమైంది మాత్రం ఆ రోజే.

వాక్యం మార్చాం. “ఈ అధ్యయనంలో పెద్ద ప్రయోజనం కనిపించలేదు, చిన్న ప్రయోజనం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం.” పేషెంట్లు చెప్పిన కూలి సంగతికి పేపర్‌లో ఒక పేరా వచ్చింది. పోస్టర్‌లో ఉన్నదానికంటే పేపర్‌లో ఉన్నది తక్కువ గొప్పగా, ఎక్కువ నిజంగా ఉంది. 300 మాటలకీ 3000 మాటలకీ మధ్య జరిగేది ఇదేనని నాకు అనిపించింది. మనం గట్టిగా అన్న మాటని ఎవరో ఆపి, “నీకెలా తెలుసు?” అని అడగడం.

ఇప్పుడు ఎక్కడుంది?

ఈ వ్యాసం రాసేనాటికి అక్క పేపర్ మైనర్ రివిజన్ దశలో ఉంది. పోస్టర్ వేసి రెండేళ్లు దాటింది. అంగీకరిస్తే ప్రూఫులు వస్తాయి, పేర్లలో స్పెల్లింగులు చూసుకోవాలి, తర్వాత డీఓఐ నంబర్ వస్తుంది, ఆ తర్వాత పబ్‌మెడ్‌లో కనిపిస్తుంది. అంగీకరించకపోతే మూడో జర్నల్ పేరు మా దగ్గర రాసిపెట్టి ఉంది.

నాకు ఇందులో బాగా గుర్తుండిపోయింది మాత్రం సంతకాల కట్ట. స్టడీలో చేరిన ప్రతి పేషెంటూ అంగీకార పత్రం మీద సంతకం పెట్టారు, కొందరు వేలిముద్ర వేశారు. “మీ సమాచారం భవిష్యత్తులో ఇతర రోగులకు ఉపయోగపడుతుంది” అని ఆ పత్రంలో తెలుగులోనే ఉంది. పేపర్ రాకపోతే ఆ వాక్యం అబద్ధమవుతుంది. కూలి పోతుందని చెప్పిన ఆ పెద్దావిడ వేలిముద్ర కూడా ఆ కట్టలోనే ఉంది.

కాబట్టి మిత్రులారా, ఒక చిన్న విన్నపం. మీ ఇంట్లో, మీ స్కూల్ ఫ్రెండ్స్‌లో పీజీ చేస్తున్న డాక్టరు ఎవరైనా ఉంటే ఒక్కసారి అడగండి: “నీ పోస్టర్ ఏమైంది?” వాళ్ళకి లేనిది తెలివి కాదు, టైం. మనకి గ్రాఫులు గీయడం వచ్చు, టేబుల్స్ సర్దడం వచ్చు, రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్ వాడటం వచ్చు, రాత్రి రెండింటి దాకా మేలుకుని ఉండటం అందరికంటే బాగా వచ్చు. పబ్‌జీకి ఇచ్చే గంటల్లో నాలుగు అక్కడివ్వండి. పేరు కృతజ్ఞతల్లోనే వస్తుంది, ఫర్వాలేదు.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. ఎండలు ముదిరాయట, ఈసారి మినప వడియాలు. “ఆ ఫ్లెక్సీ వాడుకోవచ్చా, మీ అక్కకి ఇంకా పనుందా?” అంది.

ఇంకొన్ని రోజులాగమ్మా అన్నా.